బావ కషాయమూ, బూజు తొడుగూ

మొన్న పశువుల పండగ నాడు మధ్యాహ్నం, కొర్లగుంటలో మా అక్కావాళ్ల ఇంట్లో భోజనాలయ్యాక, బావ వరండాలో కుర్చీ వేసుకుని గ్లాసుడు నల్లటి కషాయం తాగుతూ, "నాకు ఇమ్యూనిటీ తగ్గబట్టే గదప్పా బూజు పట్టింది, ఇంగ ఆ తప్పు జరగనీను" అన్నాడు. మిరియాలు, శొంఠి, పసుపు దంచి, తులసాకు వేసి మరగబెట్టి, ఘాటు తెలియకుండా బెల్లం దండిగా కలిపి అక్క ఆ కషాయాన్ని రోజూ రెండు పూటలా కాస్తుంది. 2021 జూన్‌లో మ్యూకర్‌మైకోసిస్ (బ్లాక్ ఫంగస్ అన్న బూజు జబ్బు) వచ్చి బావకు కుడివైపు పై దవడ ఎముక కొంత తీసేశారు. అప్పటినుంచి అంగిట్లో పెట్టుకునే పలక ఒకటి లేకపోతే ఆయన తాగిన నీళ్లు ముక్కులోంచి బయటికి వస్తాయి. అంత అనుభవించిన మనిషి తన జబ్బుకు తాను చెప్పుకునే కారణాన్ని పండగ పూట కాదనడం బాగుండదని ఆ రోజు ఊరుకున్నాను. అప్పుడు చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను.

నేను వైద్యుణ్ణి కాను. ఆసుపత్రి మైక్రోబయాలజీ ల్యాబులో టెక్నీషియనుగా చాలా ఏళ్లు స్లైడ్లు చూశాను, ఆ తర్వాత అదే పని నేర్చుకునే పిల్లలకు పాఠాలు చెప్పాను. ఆ పనిలో నాకు గట్టిపడిన అభిప్రాయం ఏమిటంటే, "రోగనిరోధక శక్తి" అనే మాటలోని రెండో సగం మనల్ని చాలాకాలంగా పక్కదారి పట్టిస్తోంది. శక్తి అనగానే అది మేడ మీది ట్యాంకులో నీళ్లలాగా ఒక మట్టం ఉన్న సరుకనీ, మట్టం తగ్గితే జబ్బు చేస్తుందనీ, మోటారు వేసి నింపుకుంటే చాలుననీ అనిపిస్తుంది. కోవిడ్ నాటి నుంచి మన రోడ్ల పక్కన కనిపించే పొడులూ, చూర్ణాలూ, టానిక్కుల ప్రకటనలన్నీ ఆ మోటారును అమ్మేవే. కానీ బూజు, ఈస్టు లాంటి శిలీంధ్రం ఒంట్లోకి వచ్చాక రోగనిరోధక కణాలకు చిక్కకుండా, చిక్కినా చావకుండా ఎలా బతుకుతుందో ఒక్కొక్కటిగా చూస్తూ పోతే, అక్కడ బలాబలాల ప్రస్తావన తక్కువగానే వస్తుంది. ఆనవాలు పట్టడం, పట్టలేకపోవడం, మింగి అరిగించుకోలేకపోవడం, పట్టుకున్నదాన్ని వదిలేయడం, తెలియక మోసుకుపోవడం, ఇవే ఎక్కువ.

భక్షక కణాలు సూక్ష్మజీవులను మింగి చంపుతాయన్న సిద్ధాంతానికి తొలి ఆధారాల్లో ఒకటి శిలీంధ్రం నుంచే దొరికింది. ఇల్యా మెచ్నికోవ్ 1884లో డాఫ్నియా అనే చిన్న నీటిపురుగుకు వచ్చే ఈస్టు జబ్బు గురించి రాశాడు. ఆ పురుగు ఒళ్లు గాజులా పారదర్శకం కాబట్టి లోపల జరిగేదంతా సూక్ష్మదర్శినిలో కనిపిస్తుంది. పురుగు మింగిన సూదుల్లాంటి సిద్ధబీజాలు పేగు గోడను గుచ్చుకుని అవతలికి రాగానే రక్తకణాలు వచ్చి చుట్టుముట్టి వాటిని ముక్కలు ముక్కలుగా కరిగించేవి. 1908లో ఆయనకు నోబెల్ బహుమతి తెచ్చిన ఆలోచనకు ఆ పురుగు ఒక పునాది. మన పాఠాల్లో ఆ కథను అక్కడికే ఆపేస్తాం, నేనూ ఆపేసేవాణ్ణి. మిగతా సగం ఏమిటంటే, తప్పించుకున్న బీజం ఒక్కటి మొలకెత్తి ఈస్టు కణాలు మొగ్గలు తొడగడం మొదలైతే, వాటి దగ్గరికి వచ్చిన రక్తకణాలే కరిగిపోయేవి, పురుగు చచ్చిపోయేది. భక్షక కణాలు గెలవడమూ ఓడడమూ రెండూ ఆ ఒక్క వ్యాసంలోనే ఉన్నాయి.

మాది పాకాల దగ్గర చెనిక్కాయలు పండించిన కుటుంబం. పెరికిన చెట్లు కళ్లంలో ఉండగా వాన పడిన ఏడు, నెల తర్వాత గోనెసంచి మూతి విప్పితే ఆకుపచ్చటి పొడి గుప్పున లేచేది. మా నాయన ముక్కుకు తుండుగుడ్డ అడ్డం కట్టుకుని, బూజు పట్టిన కాయలు ఏరి దూరంగా పారబోసి, "పశువులకు గూడా పెట్టొద్దురా" అనేవాడు. అఫ్లటాక్సిన్ అనే బూజు విషం పేరు ఆయనకు తెలియదు, దాని పని తెలుసు. నేను మాత్రం ఆ పొడిని దండిగా పీల్చాను. అది ఆస్పర్‌జిల్లస్ అనే బూజు బీజాల పొడి. దానికి బంధువైన ఆస్పర్‌జిల్లస్ ఫ్యుమిగేటస్ బీజాలు 2 నుంచి 3 మైక్రోమీటర్ల సైజులో, ఊపిరితిత్తుల చివరి గదుల దాకా పోయేంత సన్నగా ఉంటాయి. సంచి విప్పినా విప్పకపోయినా, తిరుపతి నడిబజారులో నిలబడినా, మనమందరమూ రోజూ వందల కొద్దీ పీలుస్తూనే ఉంటాం.

పీల్చిన ప్రతి బీజానికీ ఊపిరితిత్తి వాచిపోతే మనం బతకలేం. అది వాచకపోవడానికి కారణం మన వైపు నుంచి కొంత, బీజం వైపు నుంచి కొంత ఉంది. 2009లో వచ్చిన ఒక పరిశోధన ఆ రెండో వైపును చూపించింది. బీజం పైన రోడ్‌ఎ అనే ప్రోటీనుతో అల్లిన, నీరు అంటని పలుచటి పొర ఉంటుంది. ఆ పొర ఉన్నంతసేపూ మన కణాలు బీజాన్ని దుమ్ము కింద జమకట్టి ఊరుకుంటాయి. ఆ పొరను రసాయనంతో తీసేసినా, జన్యువు మార్చి ఆ పొర లేకుండా చేసిన మ్యూటెంట్ బీజాలను పెట్టినా అవే కణాలు వెంటనే మేలుకుంటాయి. మామూలుగానైతే బీజం తేమ పీల్చుకుని ఉబ్బినప్పుడు ఆ పొర చిరిగి, కింద దాగి ఉన్న బీటా గ్లూకాన్ అనే చక్కెర గొలుసులు బయటపడతాయి. వాటిని పట్టుకోవడానికే మన భక్షక కణాల మీద డెక్టిన్-1 అనే గ్రాహకం ఉన్నదని 2001లో తేలింది. నిద్రపోతున్న బీజం జోలికి పోకుండా, మొలకెత్తబోయేదాన్ని మాత్రం పట్టుకునే ఈ ఏర్పాటు ఎంత పొదుపైనదో చూడండి. బస్తాల మధ్య పెరిగిన నా ఊపిరితిత్తులు బాగుండడానికి కారణం ఈ ఏర్పాటు సరిగా నడవడమే తప్ప నేను తాగిన చారులో మిరియాలు కావు.

బీటా గ్లూకాన్ అంటే శిలీంధ్రపు కణకవచంలో తీసేయడానికి వీల్లేని భాగం, ఇంటికి దూలం లాంటిది. దూలాన్ని తీయలేనివాడు దానికి గుడ్డ చుడతాడు. గబ్బిలాల గుహల్లో, పక్షుల రెట్టలు పడిన మట్టిలో ఉండే హిస్టోప్లాస్మా అనే శిలీంధ్రం మన ఒంట్లోకి వచ్చి ఈస్టుగా మారినప్పుడు ఆల్ఫా గ్లూకాన్ అనే మరో చక్కెరను పైన పూసుకుంటుంది, దానితో డెక్టిన్-1కు దూలం కనబడదు. ఈ సంగతి 2007లో తెలిసింది. ఆ తర్వాత కొద్ది కాలానికే జపాను శాస్త్రవేత్తలు వరి అగ్గితెగులు శిలీంధ్రం కూడా ఆకులోకి దిగేటప్పుడు అదే ఆల్ఫా గ్లూకాన్ పూసుకుని వరి మొక్క రక్షణ ఎంజైముల నుంచి తప్పించుకుంటుందని చూపించారు. మొక్కకు భక్షక కణాలు లేవు, రక్తం లేదు. అయినా ఒకే రకం పూత అక్కడా పనిచేసింది, ఇక్కడా పనిచేసింది. ఈ పోలిక చదివిన రోజు నాకు రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

ఒంటి వేడి గురించి ఒక్క మాట. 2009లోనే ఇంకో లెక్క వచ్చింది: 30 నుంచి 40 డిగ్రీల మధ్య వేడి ఒక్కో డిగ్రీ పెరిగేకొద్దీ అదనంగా 6 శాతం శిలీంధ్ర రకాలు పెరగలేక ఆగిపోతాయని. మనకు శిలీంధ్రాల జబ్బులు తక్కువగా రావడానికి 37 డిగ్రీల ఒళ్లు పెద్ద కారణం. దాన్ని మనం పెంచుకున్నదీ లేదు, పెంచుకోగలిగేదీ లేదు.

ఇక నేను స్వయంగా చూసిన శిలీంధ్రం దగ్గరికి వస్తాను. గోవిందరాజస్వామి గుడి ముందు పొద్దున్నే నిలబడితే గోపురం గూళ్లలోంచి పావురాలు లేచి తిరిగి వాలడం కనిపిస్తుంది. పావురాల గూళ్లలో, రెట్టల్లో క్రిప్టోకోకస్ నియోఫార్మన్స్ అనే ఈస్టు ఉంటుందని 1955లో చెస్టర్ ఎమ్మన్స్ కనిపెట్టాడు. పావురాల ఒంటి వేడి మనకంటే నాలుగైదు డిగ్రీలు ఎక్కువ కాబట్టి అవి దానితో జబ్బుపడడం అరుదు, రెట్టలో దానికి కావలసిన తిండి మాత్రం ఉంటుంది. ఎండిన రెట్ట పొడిని పీల్చిన మనుషుల్లో దాదాపు అందరికీ ఏమీ కాదు. ఎవరికైనా అయ్యేదీ సాధారణంగా హెచ్‌ఐవి లాంటి కారణంతో టి కణాలనే తెల్ల రక్తకణాలు అడుగంటినప్పుడే. మనదేశంలో ప్రభుత్వం హెచ్‌ఐవికి ఉచితంగా మందులివ్వడం 2004 ఏప్రిల్ 1న మొదలుపెట్టింది. అంతకుముందు ఏళ్లలో మా ల్యాబుకు ఈ మెదడు పొరల జబ్బు నమూనాలు తరచుగా వచ్చేవి.

అలాంటి నమూనా ఒకటి నాకు ఇప్పటికీ గుర్తుంది. ముప్పై ఏళ్లు కూడా నిండని మనిషి, నెల రోజులుగా తలనొప్పి. వెన్నులోంచి తీసిన నీరు చిన్న సీసాలో మంచినీళ్లంత తేటగా ఉంది. బాక్టీరియా మెనింజైటిస్ అయితే ఆ నీరు బియ్యం కడిగిన నీళ్లలా ఉంటుంది, తెల్లకణాలు వేల సంఖ్యలో ఉంటాయి. ఇందులో లెక్కపెడితే ఐదో ఆరో తెల్లకణాలు. సెంట్రిఫ్యూజులో తిప్పి, అడుగున దిగినదాన్ని ఒక చుక్క స్లైడు మీద వేసి, పక్కన ఇండియా ఇంకు అనే నల్లసిరా చుక్క ఒకటి వేసి, రెండూ కలిపి కవర్‌స్లిప్పు మూశాను. కండెన్సరు కిందికి దించి, వెలుతురు తగ్గించి, చిన్న లెన్సుతో వెతకాలి. సిరాలో గాలిబుడగలు, తెల్లకణాలు కొత్తవాళ్లను మోసం చేస్తాయి, వాటి అంచు చెదిరినట్టు ఉంటుంది. ఇక్కడ అలా లేదు. నల్లటి సిరా నిండా గుండ్రటి తెల్లటి ఖాళీలు, గీత గీసినట్టు స్పష్టమైన అంచు, ప్రతి ఖాళీ నడిమధ్యన ఒక కణం, కొన్నిటికి పక్కనే చిన్న మొగ్గ. సిరా రేణువులు చొరబడలేని ఆ తెల్లటి వలయమే దాని తొడుగు. లెన్సులో ఒకసారికి కనబడే మేరలో, అంటే ఒక్క ఫీల్డులో, నలభై దాకా లెక్కపెట్టి ఆపేశాను.

ఆ రోజు నన్ను తొలిచిన ప్రశ్న ఆ నలభైకీ ఆ ఐదారుకీ మధ్య ఉన్న తేడా. మెదడు చుట్టూ శత్రువు కిక్కిరిసి ఉంటే కాపలావాళ్లు అసలు రాకపోవడమేమిటి? ఆ మనిషి టి కణాలు తక్కువై ఉండడం అందులో ఒక భాగం. రెండో భాగం ఆ తొడుగుది. గ్లూకురోనోజైలోమానాన్ అనే పొడుగు పేరున్న చక్కెర గొలుసులతో, నీళ్లు నిండి జిగటగా ఉండే ఆ తొడుగు కణకవచంలోని ఆనవాళ్లను పూర్తిగా కప్పేస్తుంది. భక్షక కణానికి పట్టు దొరకదు. పైగా ఆ చక్కెర తొడుగు నుంచి ఊడి రక్తంలో, వెన్నునీటిలో కలిసి, తెల్లకణాలు అక్కడికి రావలసిన పిలుపులనే చెడగొడుతుంది. బయట మట్టిలో సన్నగా ఉండే తొడుగు మన ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా, ఇనుము తక్కువగా దొరకడంతో లావెక్కుతుంది. కొన్ని కణాలైతే ఇంకా ముందుకుపోయి, తొడుగుతో కలిపి 100 మైక్రోమీటర్ల దాకా ఉబ్బుతాయని 2010లో రెండు బృందాలు చూపించాయి. వాటికి టైటాన్ కణాలని పేరు. భక్షక కణమే ఇరవై మైక్రోమీటర్లు ఉన్నప్పుడు అంత దాన్ని మింగే ప్రసక్తే లేదు.

మింగగలిగినవాటి కథ ఇంకా వింతగా ఉంటుంది. భక్షక కణం లోపలి సంచిలో ఆమ్లం నిండుతుంది, విషవాయువుల్లాంటి ఆక్సిజన్ రూపాలు కురుస్తాయి. చాలా సూక్ష్మజీవులకు అది చావు. క్రిప్టోకోకస్ ఆమ్లంలో కూడా మొగ్గలు తొడుగుతుంది, దాని కవచంలోని మెలనిన్ అనే నల్లరంగు పదార్థం ఆ ఆక్సిజన్ దెబ్బలను పీల్చుకుంటుంది. మెదడులో దొరికే డోపమిన్ లాంటి పదార్థాలతోనే అది మెలనిన్ చేసుకోగలదు. తర్వాత జరిగేదాన్ని 2006లో బర్మింగ్‌హామ్‌లో ఒక బృందం, న్యూయార్క్‌లో ఇంకొక బృందం, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా వీడియో తీశాయి: మింగిన భక్షక కణం ఈస్టును ఉన్నదున్నట్టు బయటికి కక్కేస్తుంది, ఆ తర్వాత కణమూ బతికే ఉంటుంది, ఈస్టూ బతికే ఉంటుంది. దీనికి పెట్టిన పేరు వోమోసైటోసిస్. ఆ వీడియోను క్లాసులో చూపించినప్పుడు వెనక బెంచీ పిల్లవాడొకడు "సార్, ఎవురూ ఓడిపోలేదు గదా" అన్నాడు. క్లాసంతా నవ్వింది కానీ, అంతకంటే బాగా చెప్పిన పాఠ్యపుస్తకాన్ని నేను చూడలేదు. కణం పగిలిపోతే లోపలి సరుకు చిందడం వల్ల వాపు వస్తుంది, చుట్టుపక్కల కణాలకు కబురు అందుతుంది. ఇక్కడ పగలలేదు కాబట్టి కబురూ లేదు. అలా లోపల ఈస్టును పెట్టుకున్న భక్షక కణమే రక్తంలో తిరుగుతూ మెదడు గడప దాటించడం ఎలుకల్లో గమనించారు.

ఇదంతా విన్నవాళ్లు "ఎంత తెలివి, ఎంత మోసం!" అంటారు. నేనూ పైన శత్రువు అనే రాశాను, ఆ మాట అంత తేలికగా వచ్చేస్తుంది. అయితే క్రిప్టోకోకస్‌కు మనతో పనేమీ లేదు. మనిషి నుంచి మనిషికి అది మామూలుగా అంటదు. మనల్ని చంపితే అదీ మనతోపాటే మట్టిలో కలవాల్సిందే తప్ప దానికి ఒరిగేదేమీ లేదు. మరి భక్షక కణాన్ని తట్టుకునే విద్యలన్నీ దానికి ఎక్కడివి? 2001లో ఆర్టురో కాసడెవాల్ అనే శాస్త్రవేత్త బృందం దీనికి ఒక జవాబు చూపింది. మట్టిలో అమీబాలు ఉంటాయి. అవి కూడా ఈస్టులను మింగి, సంచిలో పెట్టి, ఆమ్లంతో అరిగించుకుంటాయి. అకాంథమీబా అనే మట్టి అమీబా మింగిన క్రిప్టోకోకస్, మన భక్షక కణంలో ఎలా బతుకుతుందో అక్కడా అలాగే బతికింది. తొడుగు లేనిది చచ్చింది. 2010లో అమీబాలు కూడా ఈస్టును బతికుండగానే కక్కడం చూశారు. మట్టిలో కోట్ల ఏళ్లుగా అమీబాతో సాగిన వ్యవహారంలో అబ్బిన అలవాట్లు, అమీబాలాగే మింగే మన కణం ఎదురైనప్పుడు యథాతథంగా పనికివచ్చాయి. దారిన పోయేవాడి చేతిలోని తాళంచెవి మన ఇంటి తాళానికి పట్టినట్టు.

ఈ మాటకు అడ్డం వచ్చేది కాండిడా ఆల్బికాన్స్ అనే ఈస్టు. అది మట్టి జీవి కాదు, మనలో చాలామంది నోట్లో, పేగుల్లో పుట్టినప్పటి నుంచీ కాపురం ఉంటున్నదే. దాని ఎత్తులు మన మీద నేర్చినవే అనుకోవడం న్యాయం. బీటా గ్లూకాన్ మీద మానాన్ అనే ఇంకో చక్కెర పూత వేసుకుంటుంది, మింగిన సంచిలోని ఆమ్లాన్ని అమ్మోనియా వదిలి విరిచేస్తుంది, ఈస్టు రూపం వదిలి పొడుగాటి తంతువుగా పెరిగి, భక్షక కణాన్ని లోపలి నుంచి పొడుచుకుని బయటికి వస్తుంది, కొన్నిసార్లు ఆ కణం తనను తానే పేల్చుకునేలా చేస్తుంది. 31 అమైనో ఆమ్లాలతో అది చేసే కాండిడాలైసిన్ అనే విషం 2016లో బయటపడింది. అయినా గమనించవలసిందేమంటే, ఆ విషమే మన పొరల కణాలకు ప్రమాద ఘంటిక కూడా అవుతుంది. కాపురం ఉన్నంతకాలం పూత, హద్దు దాటినప్పుడు ఘంటిక. అందుకే మట్టి జీవులకు చెప్పిన వాదాన్ని దీనికి అతికించను. కానీ ఇక్కడ కూడా తేలేది కణాల బలం ఎంతన్నది కాదు, ఏ రూపాన్ని చూసి ఎప్పుడు లేవాలన్నదే.

బలం సంగతి నిజంగా పరీక్షకు పెట్టిన సందర్భం ఒకటి ఉంది, నా వాదమంతా దాని మీదే నిలబడుతుంది. హెచ్‌ఐవి మందులు తగ్గిపోయిన టి కణాలను తిరిగి తెప్పిస్తాయి. "ఇమ్యూనిటీ పెంచే మందు" అన్న పేరుకు అసలైన అర్హత ఉన్నవి అవే. క్రిప్టోకోకస్ మెనింజైటిస్‌తో వచ్చిన హెచ్‌ఐవి రోగులకు ఆ మందులు ఒకటి రెండు వారాల్లోనే మొదలుపెట్టాలా, ఐదు వారాల దాకా ఆగాలా అని ఉగాండా, దక్షిణాఫ్రికాల్లో 177 మంది మీద పరీక్షించి 2014లో ఫలితాలు ప్రకటించారు. ముందే మొదలుపెట్టినవాళ్లలో 26 వారాలకు 45 శాతం మంది చనిపోయారు, ఆగి మొదలుపెట్టినవాళ్లలో 30 శాతం. హెచ్‌ఐవి మందులు వద్దని దీని అర్థం కాదు, అవి లేకపోతే ఎవరూ మిగలరు. శిలీంధ్రాన్ని మందుతో తగ్గించకముందే కణాలకు చూపు తిరిగివస్తే, అవి ఒక్కసారిగా మేలుకుని మెదడులో రేపే వాపు కూడా చంపగలదని దాని అర్థం. అయితే వాపును అణిచే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తే సరిపోతుందా? అదీ పరీక్షించారు, 2016లో తేలింది. చావులు తగ్గలేదు, రోగులకు అదనపు హాని జరుగుతోందని పరీక్షను మధ్యలోనే ఆపేశారు. ట్యాంకు నింపినా నష్టమే, ఖాళీ చేసినా నష్టమే అయితే అది ట్యాంకు కాదన్నమాట.

డెక్సామెథసోన్ పేరు రాగానే బావ దగ్గరికి వస్తాను. 2020లో అదే మందు ఆక్సిజన్ అవసరమైన కోవిడ్ రోగుల్లో చావులను తగ్గించిందని పెద్ద పరీక్షలో రుజువైంది. అంటే అదుపు తప్పిన ఇమ్యూనిటీని తగ్గించడమే అక్కడ వైద్యం. 2021 మేలో బావకు ఆక్సిజన్ అవసరం కాకముందే, ఒక చిన్న ఆసుపత్రిలో స్టెరాయిడ్లు మొదలుపెట్టి, ఇంటికి పంపేటప్పుడు ఇంకా కొన్నాళ్లకు రాసిచ్చారు. ఆయనకు పన్నెండేళ్లుగా షుగరు. ఆ మందు వాడిన పది రోజుల్లో దాన్ని ఎవరూ చూడలేదు, మాకూ తోచలేదు. బుగ్గ మొద్దుబారిందన్న రోజున చూస్తే 480 ఉంది.

బావ జబ్బుకు కారణమయ్యే శిలీంధ్రాల్లో మనదేశంలో ఎక్కువగా కనిపించే రైజోపస్ బీజాలు బూజు పట్టిన రొట్టె మీద, మట్టిలో, గాలిలో, అంతటా ఉంటాయి. వాటిని మింగిన ఊపిరితిత్తి భక్షక కణాలు వాటిని చంపవు, చంపలేవు. బీజం మీది మెలనిన్ ఆ సంచిని పూర్తిగా పాకానికి రానివ్వదు. అలాగని బీజమూ మొలకెత్తదు, ఎందుకంటే కణం దానికి ఇనుము అందనివ్వదు. ఎలుకల మీద చేసిన పని ద్వారా 2018లో తేలిన ఈ సంగతి నాకు చాలా నచ్చుతుంది: ఇద్దరూ ఒకే గదిలో తలుపులేసుకుని, ఇనుము కోసం ఎవరు ముందు ఓపిక కోల్పోతారా అని కూర్చోవడం. షుగరు బాగా పెరిగి రక్తం ఆమ్లం వైపు జరిగితే, ఇనుమును పట్టి ఉంచే ట్రాన్స్‌ఫెరిన్ పట్టు సడలి ఇనుము వదులవుతుంది. అదే పరిస్థితిలో ముక్కులోని, రక్తనాళాల్లోని కణాల మీద జీఆర్‌పీ78 అనే ప్రోటీను ఎక్కువవుతుంది, రైజోపస్ పట్టుకుని లోపలికి దిగే మెట్టు అదే. స్టెరాయిడ్లు ఒకవైపు షుగరు పెంచి, ఇంకొకవైపు న్యూట్రోఫిల్లనే తెల్లకణాలను, భక్షక కణాలను మందగింపజేస్తాయి. బావ ఒంట్లో "శక్తి" అనే ఒక్క సరుకు తగ్గలేదు. ఇనుము, చక్కెర, ఆమ్లం, ఆ మందు, ఆ నాలుగూ ఒకే వారంలో ఒకచోట కలిశాయి.

ఆ జబ్బును టీవీలో బ్లాక్ ఫంగస్ అన్నారు, తర్వాత వైట్ అన్నారు, యెల్లో అన్నారు. ఆ శిలీంధ్రం నల్లగా ఉండదు. అది రక్తనాళాల్లోకి చొరబడి గడ్డలు కట్టించడంతో రక్తం అందక చచ్చిన మన కండే నల్లబడుతుంది. ఆ ఏడు జూలై నాటికి దేశంలో 45 వేలకు పైగా కేసులు నమోదయ్యాయి. మన రాష్ట్రంలో దాన్ని ఆరోగ్యశ్రీలో చేర్చారు, అది మేలు చేసింది. మందే దొరకలేదు. ఆ మందు, యాంఫోటెరిసిన్-బి, వయల్స్ కోసం నేనూ మా అక్క కొడుకూ చిత్తూరు దాకా, అక్కడినుంచి వేలూరు దాకా తిరిగిన రోజుల గురించి ఇక్కడ రాయను.

ఆ మందు గురించి మాత్రం ఒకటి చెప్పాలి. శిలీంధ్రాలకు మందులు ఇంత తక్కువ రకాలు ఉండడానికి కారణం వాటికీ మనకూ ఉన్న చుట్టరికం. బాక్టీరియా మనకు ఎక్కడో దూరం, దాన్ని కొట్టినా మనకు తగలని చోట్లు చాలా ఉన్నాయి. శిలీంధ్రపు కణంలో కేంద్రకం ఉంది, మైటోకాండ్రియా ఉన్నాయి, అన్నీ మనవిలాగే. పొరలో మనకు కొలెస్ట్రాల్ ఉన్నచోట దానికి ఎర్గోస్టెరాల్ ఉంటుంది. యాంఫోటెరిసిన్ ఆ చిన్న తేడా పట్టుకుని పనిచేస్తుంది, ఆ తేడా చిన్నది కాబట్టే మన మూత్రపిండాలను కూడా గాయపరుస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో తొలిసారిగా ప్రమాదకర శిలీంధ్రాల జాబితా వేసి 19 పేర్లు పెట్టింది. వాటిలో దేనికీ ఇంతవరకు మనుషులకు వేసే టీకా లేదు. చుట్టాన్ని గుర్తుపట్టి బయట నిలబెట్టడం మన కణాలకు ఎంత కష్టమో మందులు చేసేవాళ్లకూ అంతే కష్టం.

"మరి జాగ్రత్త పడొద్దా, కషాయం తాగితే తప్పేంటి?" అని అడిగేవాళ్లుంటారు. మిరియాల కషాయం గొంతుకు హాయిగానే ఉంటుంది, దాని మీద నాకు కోపం లేదు. నా ఫిర్యాదు దాని మీద అతికించిన చీటీ మీద. బూజు సోకినవాడు తన ఒంటిని తానే బలహీనం చేసుకున్నాడన్న నింద ఆ చీటీలో దాగి ఉంది. దాన్ని బావ నాలుగేళ్లుగా మోస్తున్నాడు. అంతకంటే ముఖ్యంగా, చూడవలసినవి కచ్చితమైన అంకెలు ఉన్నచోట అది ఒక మసక మాటను తెచ్చి పెడుతుంది. షుగరు ఎంత, స్టెరాయిడ్ ఎన్ని రోజులు, ఎంత డోసు, బుగ్గ ఎప్పుడు మొద్దుబారింది: ఇవి అడిగితే జవాబులుంటాయి. ఇమ్యూనిటీ ఎంత ఉంది అని అడిగితే దానికి ఏ ల్యాబులోనూ ఒక్క అంకె ఉండదు. నేను ల్యాబులో పనిచేసినవాణ్ణి కాబట్టే చెబుతున్నాను.

పండగ రోజు నేను పూర్తిగా ఊరుకోలేదులెండి. బావ గ్లాసు కింద పెట్టాక, "పొద్దున షుగర్ చూసుకున్నావా బావా?" అని అడిగాను. "పండగ గదా, మూడు దినాలుగా చూళ్లేదు" అన్నాడు. మీటరు టీవీ వెనకాల, పంచాంగం కింద ఉంది. వేలు గుచ్చి చుక్క పెడితే 268 చూపించింది. బావ కళ్లజోడు పైకి జరిపి ఆ అంకెను రెండుసార్లు చూశాడు. అక్క వంటింటి గుమ్మంలో నిలబడి, "బెల్లం లేకుండా తాగలేడు రా, శానా ఘాటు" అంది.

"ఘాటుగానే తాగనీ అక్కా" అన్నాను.